పాట దొరుకుతోంది, విన్న చోటే దొరకడం లేదు

(విశాఖపట్నంలో పాత పాటల అభిమానులు ఒక ఆదివారం సాయంత్రం కలుసుకున్నప్పుడు, రిటైరైన ఒక ఫిజిక్స్ లెక్చరర్ చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు తీసేశాం. మిగతాదంతా ఆయన మాటే.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో పెద్దవాళ్ళున్నారు. వెనక కుర్చీల్లో కాలేజీ పిల్లలు కూడా నలుగురైదుగురు కనిపిస్తున్నారు. సంతోషం. వాళ్ళను చూశాక, అనుకున్న ప్రసంగం కొంచెం మార్చుకోవాలనిపిస్తోంది.

ఎందుకంటారా? నన్ను పిలిచినవాళ్ళు ఫోన్‌లో ఏమన్నారో తెలుసా? "ఈ రోజుల్లో పాటలేం పాటలండీ మాస్టారూ! మీరొచ్చి మన రోజుల గురించి నాలుగు ముక్కలు చెప్పాలి." అంటే ఏమిటి? ఇప్పటి పాటలను తిట్టడానికి పిలిచారన్నమాట. నేను తిట్టను. తిట్టడం చేతకాక కాదు, జీవితమంతా కాలేజీలో పాఠాలు చెప్పినవాణ్ణి, అందులో నాకు మంచి అనుభవమే ఉంది. ఆ తిట్టుకు ఆధారం లేదు, అందుకు తిట్టను.

ముందు ఆ సంగతి తేల్చుకుందాం. "మన రోజుల్లో పాటలు బాగుండేవి." ఈ మాట అనని వాళ్ళెవరైనా ఉన్నారా ఇక్కడ? చెయ్యెత్తండి. ఒక్కరూ లేరు. పిల్లలు కూడా ఎత్తలేదేం? మీరు నిన్నటి పాటను అప్పుడే పాతపాట అంటున్నారా?

నేను 1975 నుంచి 85 దాకా కుర్రాణ్ణి. ఆ పదేళ్ళలో ఏటా వంద సినిమాలు వచ్చాయనుకుందాం, సినిమాకు ఐదు పాటలనుకుందాం. లెక్క కోసం అనుకోవడమే, గణాంకాలని రాసుకోకండి. పదేళ్ళకు ఐదువేల పాటలు. మీకు ఎన్ని గుర్తున్నాయి? అంత్యాక్షరిలో అందరినీ ఓడించేవాళ్ళకు ఒక ఐదొందలు గుర్తుంటాయేమో. మరి మిగతా నాలుగువేల ఐదొందలు ఏమయ్యాయి? ఎవరు ఎత్తుకుపోయారు? ఎవరూ ఎత్తుకుపోలేదు. బాగాలేవని మనమే వదిలేశాం. నలభై ఏళ్ళు జల్లెడ పట్టాక మిగిలిన గింజలను పక్కన పెట్టుకుని, ఇవాళే దిగిన బస్తాను తాలుతో రాళ్ళతో కలిపి తూస్తున్నాం. ఇది న్యాయమేనా?

అసలు మన రోజుల్లో చెత్తపాటలు లేవా? రెండర్థాల పాటలు లేవా? కొన్ని పాటలు రేడియోలో మొదలవగానే మా నాన్నగారు కుర్చీలోంచి లేచి వచ్చి స్టేషన్ మార్చేసేవారు. ఇప్పుడు అదే పాటను కోటు వేసుకుని, కళ్ళు మూసుకుని, స్టేజీ మీద భక్తిగీతంలా పాడుతున్నాం. పేర్లు చెప్పను. ఆ పాట ఇవాళ పాడబోయేవాళ్ళు ఇక్కడే ఉన్నారు.

ఇంకొకటి. మనం స్వర్ణయుగం అంటున్న కాలంలో పెద్దవాళ్ళు ఏమనుకున్నారో చూడండి. 1952లో బి.వి. కేస్కర్ గారు కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యారు. ఆయన శాస్త్రీయ సంగీత ప్రియులు. సినిమా పాటంటే ఆయనకు చిరాకు. ఆయన రోజుల్లో ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు మాయమైపోయాయి. మనం ఇవాళ దండం పెట్టి వింటున్న పాటలే అవి! సర్కారు వాటిని జనం చెవుల్ని పాడుచేసే సరుకు అనుకుంది. జనం ఊరుకున్నారా? ముల్లు తిప్పి సిలోన్, అంటే ఇప్పటి శ్రీలంక రేడియో స్టేషన్, పెట్టుకున్నారు. అమీన్ సయానీ గారి హిందీ పాటల వరసలు అక్కణ్ణించే వచ్చేవి. మన తెలుగు పాటలకు అక్కడ మీనాక్షి పొన్నుదురై గారు ఉండేవారు. ఆ పేరు వినగానే ముందు వరసలో తలలు ఊగుతున్నాయి చూడండి. చివరికి ఆకాశవాణి దిగొచ్చి 1957 అక్టోబర్ 3న వివిధభారతి మొదలుపెట్టింది. అంటే మన స్వర్ణయుగం పుట్టేనాటికి దాన్ని తిట్టే పెద్దలు రెడీగా ఉన్నారు.

ఘంటసాల గారు 1974 ఫిబ్రవరి 11న పోయారు. నాకు బాగా గుర్తు. మా వీధి పెద్దలు అరుగు మీద కూర్చుని ఒక మాట అన్నారు, "ఇంక పాట లేదు." అప్పటికి బాలుగారు సినిమాల్లో పాడుతూనే ఉన్నారు. ఆయన మొదటి పాట రికార్డయింది 1966 డిసెంబర్‌లో. ఏడేళ్ళుగా పాడుతున్న మనిషి కళ్ళ ముందుండగా "ఇంక పాట లేదు" అన్నారు. తర్వాత 2020 సెప్టెంబర్ 25న బాలుగారు పోయారు. మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు దగ్గర మాస్కులు పెట్టుకుని నిలబడి మేమందరం ఏమన్నాం? "ఇంక పాట లేదు." అక్షరం మారలేదు. మా నాన్నగారి తరం మాట మా నోట్లోకి వచ్చేసింది, మాకు తెలియకుండానే.

ఇది మన తెలుగువాళ్ళ జబ్బు మాత్రమే అనుకోకండి. అమెరికాలో హోల్‌బ్రూక్, షిండ్లర్ అని ఇద్దరు పరిశోధకులు 1989లో ఒక పని చేశారు. పదహారేళ్ళ పిల్లల నుంచి ఎనభై దాటిన వృద్ధుల దాకా కూర్చోబెట్టి, 1930ల నుంచి 1980ల దాకా వచ్చిన హిట్ పాటల ముక్కలు వినిపించి మార్కులు వేయమన్నారు. తేలిందేమిటంటే, తమకు సుమారు 24 ఏళ్ళ వయసున్నప్పుడు జనం నోళ్ళలో నానిన పాటలకే మనుషులు ఎక్కువ మార్కులు వేస్తారట. అక్కడి ముసలాయనకు ఘంటసాల తెలియదు, మనకు ఆయన పాటగాడెవరో తెలియదు. కానీ ఇద్దరం ఒకే మాట అంటున్నాం. మరి ఎవరి మాట నిజం?

ఆ వయసు సంగతి చూడండి. మొదటి జీతం, మొదటి ప్రేమ, మొదటి ఊరు మారడం, కొందరికి పెళ్ళి. అన్నీ అప్పుడే. మనసు అప్పుడు దేన్నయినా గట్టిగా పట్టుకుంటుంది. ఆ టైములో చెవిన పడిన పాట కూడా వాటితో పాటే అంటుకుపోతుంది. పాటకు ఇచ్చిన మార్కుల్లో మన వయసుకు ఇచ్చుకున్న మార్కులు ఎన్ని? విడదీయగలరా? నేనైతే విడదీయలేను.

వెనక కూర్చున్న పిల్లలూ, ఇప్పుడు మీ వంతు. 2013లో కార్నెల్ యూనివర్సిటీకి చెందిన క్రమ్‌హాన్సల్ గారు, జుప్నిక్ అనే ఆయనతో కలిసి ఇరవై ఏళ్ళ కుర్రకారు మీద ఇలాంటి పరిశోధనే చేశారు. కుర్రాళ్ళకు తమ కాలం పాటలు నచ్చడంలో వింత లేదు. వింత ఏమిటంటే, వాళ్ళు పుట్టకముందు, 80ల మొదట్లో వచ్చిన పాటల దగ్గర కూడా ఇష్టం పైకి లేచింది. అవి వాళ్ళ అమ్మానాన్నల యవ్వనంలోని పాటలు. ఇంకా వెనక్కి, 60ల పాటల దగ్గర కూడా కాస్త లేచింది. ఎందుకు? ఇంట్లో అవి మోగుతూ ఉంటాయి కాబట్టి. కాబట్టి, బాబూ, నువ్వు ఈ సమావేశానికి నీ ఇష్టంతో వచ్చావనుకుంటున్నావు. నిన్ను పంపింది మీ ఇంట్లో టేప్‌రికార్డర్.

సరే. అప్పటి పాటలన్నీ గొప్పవి కావు, ఇప్పటివన్నీ చెత్తవీ కావు, మన చెవికి వయసు పక్షపాతం ఉంది. ఇంతటితో కూర్చోవచ్చు. కానీ మరి మనకు ఈ బెంగ దేనికి? పాటలు ఎక్కడికైనా పోయాయా? ఒక్కటీ పోలేదు. ఇదివరకు ఒక్క పాట కోసం వారం రోజులు ఎదురు చూసేవాళ్ళం, ఇప్పుడు ఫోన్‌లో పేరు కొడితే రెండు క్షణాల్లో వస్తోంది. ఇదివరకటి కన్నా శుభ్రంగా వినిపిస్తోంది. పోయినవాడు తిరిగొచ్చాక కూడా ఏడుస్తూ కూర్చుంటామా? కూర్చుంటున్నాం. అంటే పోయింది వేరే ఏదో ఉంది. నా అనుమానం ఏమిటంటే, పోయింది మనం విన్న తీరు. దాన్ని ఎవరూ రికార్డు చేయలేదు.

ఎలా వినేవాళ్ళం?

పిల్లల కోసం చెబుతాను, పెద్దవాళ్ళు తప్పులుంటే దిద్దండి.

ఇంటికో రేడియో, అదీ ఉంటే. దానికి ఏటా పోస్టాఫీసులో లైసెన్స్ కట్టాలి. అవునమ్మా, నవ్వకు, రేడియో వినడానికి లైసెన్స్! మన ఊళ్ళో ఆకాశవాణి 1963 ఆగస్టు 4న మొదలైంది. ఇప్పటికీ బస్సు సిరిపురం మీదుగా వెళ్తుంటే నేను ఆ గేటు వైపు ఒకసారి చూస్తాను. ఏ పాట ఎప్పుడు వస్తుందో మన చేతిలో లేదు. కోరిన పాటలకు కార్డు రాయాలి. హిందీలో ఝుమ్రీ తిలయ్యా అనే ఊరు, పాటలు కోరుతూ రాసిన ఉత్తరాలతోనే దేశమంతా తెలిసిపోయింది. మనకూ అలాంటి వీరులుండేవారు. మా వీధిలో ఒకాయన, వీధి మొత్తం పేర్లు వేసి తనే కార్డులు రాసేవాడు. ఆడపిల్లల పేర్లు కూడా వేసేశాడు. ఆ కార్యక్రమంలో పాట మొదలవ్వకముందే ఒకరింట్లో గొడవ మొదలైంది. "నువ్వెప్పుడు రాశావే రేడియోకి?" అని. ఆ పాట ఎప్పుడు విన్నా నాకు పాడినవాళ్ళు గుర్తురారు, ఆ ఇంటి గుమ్మం గుర్తొస్తుంది.

సిలోన్ సంగతి ఇంకా బాగుంటుంది. అది షార్ట్‌వేవ్. పాట దగ్గరికొచ్చేది, దూరంగా పోయేది, మళ్ళీ వచ్చేది. ఎందుకలా? ఒక్క నిమిషం పాఠం చెబుతాను, ఓర్చుకోండి. షార్ట్‌వేవ్ తరంగం పైకి వెళ్ళి, వంద కిలోమీటర్ల పైనుండే అయనోస్ఫియర్ అనే పొర దగ్గర వంగి కిందికి దిగుతుంది. ఆ పొర నిలకడగా ఉండదు, పైకీ కిందికీ కదులుతూ ఉంటుంది. ఒకే పాట రెండు మూడు దారుల్లో మన ఏరియల్‌కు చేరుతుంది. ఆ దారులు కలిసొస్తే పాట పెద్దగా వినిపిస్తుంది, ఎదురుపడితే ఒకదాన్నొకటి మింగేస్తాయి. క్లాసులో ఇది చెబితే పిల్లలు ఆవలించేవారు. కానీ మా ఇంట్లో ఏం జరిగేదంటే, పాట చరణం మధ్యలో మాయమవగానే అక్కణ్ణించి మేం అందుకునేవాళ్ళం. అందరం. అమ్మ, అక్క, నేను, తమ్ముడు. రేడియోలో బుస్సుమంటున్న చప్పుడు మీద మేం పాడుతూ ఉండేవాళ్ళం. మళ్ళీ పాట తేలేసరికి, మేము సరిగ్గా అక్కడే ఉన్నామా, ముందుకు వెళ్ళిపోయామా, వెనకబడ్డామా? అదీ మా పోటీ. మా అక్క ఎప్పుడూ తాళం తప్పేది కాదు. ఇప్పుడు అదే పాట ఫోన్‌లో గాజులా శుభ్రంగా వినిపిస్తోంది. మధ్యలో ఎక్కడా ఆగదు. ఇంక మేమెక్కడ పాడాలి?

ఏమిటమ్మా? కొంచెం గట్టిగా... ఆ, వినండి, ఈ అమ్మగారు మంచి మాట చెబుతున్నారు. "మధ్యాహ్నం మగవాళ్ళు డ్యూటీకి వెళ్ళాకే రేడియో మా చేతికొచ్చేది" అంటున్నారు. ఇది మనం సన్మానసభల్లో చెప్పుకోం. "ఆ రోజుల్లో ఇంటిల్లిపాదీ కలిసి వినేవాళ్ళం" అంటాం. నిజమే, విన్నాం. నాబ్ ఎవరి చేతిలో ఉండేది? మా ఇంట్లో నాన్నగారి చేతిలో. మా అమ్మ వంటింట్లోంచి వినేది. వార్తలొచ్చినా పాటలొచ్చినా ఆవిడకు అక్కడికి ఎంత వినిపిస్తే అంతే. కాబట్టి పాత రోజుల్ని తలుచుకునేటప్పుడు ఈ లెక్క కూడా వేయండి. కలిసి విన్నాం అన్నది ఎంత నిజమో, కొందరు ఎంచుకుంటే మిగతావాళ్ళు విన్నారన్నదీ అంతే నిజం. ఇప్పుడు మా కోడలికి తన ఫోన్ ఉంది, తన పాటలున్నాయి, ఎవరినీ అడగక్కర్లేదు. ఇది మంచిదా చెడ్డదా? మంచిదే అంటాను. పోయిందంతా మంచే అనుకుంటే లెక్క తప్పుతుంది.

తర్వాత మైకుసెట్టు. పెదవాల్తేరులో కరకచెట్టు పోలమాంబ పండగ, వినాయకచవితి పందిళ్ళు, పెళ్ళిళ్ళు. కొబ్బరిచెట్టుకో కరెంటు స్తంభానికో బాకా కట్టేవారు. అడగని వాళ్ళకు కూడా పాట వినిపించేది. పరీక్షలకు చదువుకునే వాడి పని గోవిందా. ఇంట్లో జ్వరంతో పడుకున్నవాళ్ళుంటే వాళ్ళ కర్మ. ఆ మైకుసెట్టు అబ్బాయి అంటే మాకు కలెక్టర్ లెక్క. రికార్డు పెట్టె దగ్గరికి వెళ్తే, "ఏటి బాబూ, ముట్టుకోకు, గీత పడిపోద్ది" అనేవాడు. గీతలు అప్పటికే పడి ఉండేవి. ఒక పాటలో రెండో చరణం దగ్గర ముల్లు ఇరుక్కునేది. అదే ముక్క మళ్ళీ మళ్ళీ, మళ్ళీ మళ్ళీ. ఎవరో పరిగెత్తుకెళ్ళి తట్టేదాకా వీధి వీధంతా ఆ ముక్కే. ఇప్పటికీ ఆ పాట వింటున్నప్పుడు ఆ చోటు వస్తోందంటే నేను తట్టడానికి రెడీ అవుతాను. పాట సాఫీగా ముందుకు పోతుంది. ఎక్కడో ఒక మెట్టు తప్పిపోయినట్టు ఉంటుంది నాకు.

రాత్రిపూట ఆ మైకు ఇంకా దూరం వినిపించేది, గమనించారా? పెదవాల్తేరులో పెడితే లాసన్స్‌బే కాలనీ డాబాల మీద పడుకున్నవాళ్ళకు కూడా. ఊరు సద్దుమణగడం ఒక కారణం. రెండోది, రాత్రి నేల చల్లబడి కింద గాలి చల్లగా, పైన గాలి కాస్త వెచ్చగా ఉన్నప్పుడు, శబ్దం ఆకాశంలోకి పోకుండా కిందికి వంగుతుంది. అందుకే అర్ధరాత్రి అంత దూరం నుంచి వచ్చిన పాట మన పక్కనే పాడుతున్నట్టుండేది. ఇప్పుడు డాబాల మీద పడుకునేవాళ్ళెవరు? ఉన్న డాబాల మీద ఇంకో మూడంతస్తులు లేచాయి.

ఎనభైల్లో కాసెట్లు వచ్చాయి. ఫిలిప్స్ వాళ్ళు దాన్ని 1963లోనే బయటకు తెచ్చినా మన ఇళ్ళలోకి రావడానికి అంత కాలం పట్టింది. మనది పోర్టు ఊరు కదా, ఓడల్లో పనిచేసేవాళ్ళు, గల్ఫ్ వెళ్ళినవాళ్ళు టూ-ఇన్-వన్‌లు, అంటే రేడియో, టేప్‌రికార్డర్ కలిసిన పెట్టెలు, తెచ్చేవారు. అవి తెచ్చినవాళ్ళకు సాయంత్రం చుట్టాలు పెరిగేవారు. ఆ తర్వాత రికార్డింగ్ సెంటర్లు. డాబాగార్డెన్స్ వైపు, పూర్ణా మార్కెట్ వైపు అన్నీ అవే. తెల్లకాగితం మీద పాటల లిస్టు రాసి, ఖాళీ కాసెట్ ఇచ్చి, రెండు రోజులాగి వెళ్ళాలి. సి-60 అంటే వైపుకు ముప్పై నిమిషాలు. పాట నాలుగున్నర నిమిషాలనుకుంటే ఆరు పాటలకు 27. ఇంకా మూడు నిమిషాలు మిగులుతాయి. ఆ మూడు నిమిషాల్లో ఏం వేయాలన్నది షాపతని ఇష్టం. మనం అడగని పాట వేసేవాడు. అది పూర్తికాకుండానే టేపు అయిపోయి, టక్. నాకు సగం మాత్రమే తెలిసిన పాటలు కొన్ని ఉన్నాయి. వాటి రెండో చరణం ఈమధ్య ఫోన్‌లో విన్నాను, ఎవరో పరాయివాళ్ళు పాడినట్టుంది.

ఇంకో చిత్రం చెబుతాను, మీకూ జరిగే ఉంటుంది. ఆ కాసెట్‌లో ఒక పాట అయ్యాక ఏ పాట వస్తుందో చెవికి అలవాటైపోయింది. ఇవాళ టీవీలో ఆ మొదటి పాట అయిపోగానే, మౌనంలో రెండో పాట మొదటి స్వరం నా తలలో మోగేస్తుంది. ఆ రెండు పాటలకూ సంబంధమే లేదు. ఒకటి మహదేవన్ గారిది, రెండోది ఇళయరాజా గారిది. వాటిని కలిపింది ఎవరు? కాగితం మీద ఆ వరసలో రాసిన మా తమ్ముడు. ప్రపంచంలో ఇంకెవరికీ ఆ పాట తర్వాత ఆ పాట రాదు.

ఇప్పుడు ఊరి సంగతి. మిగతా ఊళ్ళ కన్నా మన చెవులకు ఒక వింత ఉంది. వాల్తేరు రైల్వే డివిజన్ చాలాకాలం ఆగ్నేయ రైల్వే కింద ఉండేది. దాని హెడ్డాఫీసు కలకత్తా. అందుకని రైల్వే క్వార్టర్స్‌లో బెంగాలీ కుటుంబాలు. నేవీ కాలనీల్లో హిందీ, పంజాబీ, మలయాళం. పోర్టులో ఒడియా, తమిళం. దసరాకు బెంగాలీ వాళ్ళ దుర్గాపూజ పందిట్లో మోగిన పాట ఒకటి నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. ఒక్క ముక్కకు అర్థం తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. "మన పాటలు" అంటూ తెలుగు పాటల లిస్టు ఒక్కటే పెట్టుకుంటున్నాం ఇక్కడ. విశాఖపట్నం కుర్రాడి చెవిలో పడింది అదొక్కటే కాదు. ఈసారి ఎవరైనా ఒక బెంగాలీ పాట పాడండి, వచ్చినంత వరకే.

1978లో బాలచందర్ గారి 'మరో చరిత్ర' వచ్చింది. నలుపు తెలుపు సినిమా, సంగీతం ఎం.ఎస్. విశ్వనాథన్ గారు. విశాఖపట్నంలో, భీమిలిలో తీశారు. మిగతా ఊళ్ళవాళ్ళు హాల్లో కూర్చుని పాట విన్నారు. మనమేం చేశాం? పాట నడుస్తుంటే "అదిగో, ఆ మలుపు! అదిగో, ఆ మెట్లు!" అని పక్కవాణ్ణి పొడిచాం. ఆ పాటలు నేను సరిగ్గా విన్నది హాలు బయట, మూడోసారో నాలుగోసారో.

విన్న చోటు పాటను ఎంత మార్చేస్తుందో చెప్పడానికి ఇంకొక్కటి చాలు. ఘంటసాల గారు తన చివరి రోజుల్లో భగవద్గీత పాడారు. ఇళ్ళలో పొద్దున్నే భక్తితో వింటారనే పాడి ఉంటారు. ఇప్పుడు మీరు వీధిలో నడుస్తున్నారు, మలుపు అవతల నుంచి మైకులో ఆ గొంతు, ఆ శ్లోకం వినిపించింది. మొదట మీ మనసులో ఏమొస్తుంది? ఆ... చూశారా, ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. "ఎవరు పోయారు?" అదే కదా? గీతలో ఆ మాట లేదు, ఆయన గొంతులో లేదు, రికార్డు మీద రాసి లేదు. షామియానా కింద, తెల్ల ప్లాస్టిక్ కుర్చీల మధ్య అందరం ఇన్నేళ్ళు విని విని దానికి ఆ అర్థం మనమే అంటించాం. రేపు ఎవరైనా వందేళ్ళ తర్వాత ఆ రికార్డు వింటే శ్లోకాలు దొరుకుతాయి, గొంతు దొరుకుతుంది. ఇది దొరుకుతుందా? ఎవరైనా రాసి పెడితేనే.

నేను చెప్పదలుచుకున్నది అదే. ఇక్కడ మనవాళ్ళు కరోకే పెట్టుకుని పాడేముందు ఏం చెబుతారు? సినిమా పేరు, సంవత్సరం, సంగీతం ఎవరు, రాసిందెవరు. శ్రీశ్రీ గారూ ఆరుద్ర గారూ మన ఊళ్ళోనే పుట్టారు, సుశీలమ్మ గారు విజయనగరం అని కూడా చెబుతారు. చెప్పండి, మంచిదే, గర్వంగా చెప్పండి. కానీ అవన్నీ ఫోన్‌లో ఉన్నాయి, పిల్లలు మీకంటే ముందే వెతికేస్తారు. ఫోన్‌లో లేనిది మీ దగ్గర ఉంది. మీరు ఆ పాటను మొదట ఎక్కడ విన్నారు? అప్పుడు పక్కన ఎవరున్నారు? రేడియో ఎవరిది? ఏ చరణం దగ్గర తెగిపోయేది? అది చెప్పకుండా పాట మాత్రం పాడితే, మన్నించండి, మీకన్నా బాగా పాడినవాళ్ళ రికార్డు ఉంది కదా, దాన్నే పెట్టుకుంటాం.

సెక్రటరీ గారూ, ప్రతి పాటకు ముందు ఒక నిమిషం ఇవ్వండి. ఫోన్‌లో రికార్డు చేయండి. పెద్ద ఖర్చేమీ లేదు. పాటను రికార్డు చేయకపోయినా పరవాలేదు, ఆ నిమిషాన్ని చేయండి.

వెనక ఎవరో చెయ్యెత్తారు. చెప్పమ్మా... "సర్, మీరందరూ కలిసి విన్నారు. మేం ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒంటరిగా వింటాం. మాకు ముప్పై ఏళ్ళ తర్వాత గుర్తుండడానికి ఏముంటుంది?" అని అడుగుతోంది. బాగుంది. నేను జవాబు చెప్పను. నువ్వే చెప్పు. ఈమధ్య నీకు బాగా నచ్చిన పాట ఒకటి తలుచుకో. పేరు వద్దు. మొదట ఎక్కడ విన్నావు?

"బస్సులో సర్, కొమ్మాది నుంచి కాలేజీకి వస్తూ. ఫ్రెండ్ ఫోన్. ఒక ఇయర్‌ఫోన్ తనది, ఒకటి నాది. నాకు వచ్చినవైపు సరిగ్గా పనిచేయలేదు. డ్రమ్స్ వినిపించాయి, పాట సరిగ్గా వినిపించలేదు."

విన్నారా? చరణం మధ్యలో పాట మాయమయ్యే సిలోన్ ఈ పిల్లకీ ఉంది! మరి అప్పుడేం చేశావు?

"తను పాడి వినిపించింది సర్."

ఇది రాసుకోండి సెక్రటరీ గారూ, ఇది మొదటిది. అమ్మాయి పేరూ, తేదీ వేయండి. ఫ్రెండ్ పేరు కూడా అడగండి.

సరే, ఇక పాడేవాళ్ళు రండి, నేను ఇప్పటికే ఎక్కువ టైము తీసుకున్నాను. లిస్టులో ముందు ఎవరు? మీరా అమ్మా? ఇందాక రేడియో సంగతి చెప్పింది మీరే కదా. రండి, మైకు పట్టుకోండి. ట్రాక్ ఇప్పుడే పెట్టకు బాబూ. ముందు మీరు చెప్పండమ్మా, ఎక్కడ విన్నారు దీన్ని?